పెద్దకోడలు తల వంచిన భాగం

“తీసెయ్ నాయనమ్మా. పొద్దున పెట్టిన భాగం ఇప్పుడే తీసెయ్.”

“ఎందుకు తియ్యాలే? బూతులేమన్నా రాశానా?”

“నీ కథ చదివి ఆ అక్క మళ్ళీ ఆ ఇంటికి పోతానంటంది.”

“పోతే పోద్ది. మొగుడి దగ్గరికేగా.”

“కొడతాడు వాడు.”

“కొడతాడని నాతో చెప్పిందా?”

“నీ కథలో ఆయన ఎందుకు కొట్టడని అడిగింది గదా. ఇంకెట్టా చెప్పాలి?”

జవాబు లేనప్పుడు నేను వేరే తప్పు వెతుకుతాను. “ముందు ఆ ఫోను ఎండలోనుంచి తియ్యి, బ్యాటరీ ఉబ్బుద్ది” అన్నాను. నా మనవరాలు ఫోను తియ్యలేదు. నా ముందు అట్లాగే పట్టుకుని నిలబడింది.

ఈ గొడవ మా మిరప కల్లంలో జరిగింది. మాది గురజాల దగ్గర పల్లె. నర్సరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే మనవరాలు శనివారమని ఇంటికొచ్చింది. ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరడానికి కూలి ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. వాళ్ళ చేతులు కాయల మీద ఉన్నాయి గానీ చెవులన్నీ మావైపే ఉన్నాయి. వాళ్ళకీ ఆ కథ తెలుసు. నిజానికి ఆ కథ మొదలైంది వాళ్ళ మధ్యనే.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, రాయడం సంతకం వరకే. అట్లాంటిదాన్ని కథలు రాస్తున్నానంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. ఏళ్ళ తరబడి సాయంత్రం పూట ఒక సీరియల్ చూశాను. దాంట్లో పెద్దకోడలి మీద నగ దొంగతనం మోపి అత్త బయటికి గెంటేస్తుంది, మొగుడు గోడకు ఆనుకుని చూస్తూ ఉంటాడు. ఆ పిల్ల పడ్డ అవస్థలన్నీ చూపించి చూపించి, చివరికి సీరియల్ ఎత్తేయాల్సి వచ్చిందో ఏమో, ఒక్క సాయంత్రంలో అందరినీ మార్చేశారు. అత్త కాళ్ళ మీద పడింది. మొగుడు చెయ్యి పట్టుకున్నాడు. అందరూ వరసగా నిలబడి ఫోటో దిగారు.

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. మనుషులు అట్లా మారతారా? మర్నాడు కల్లంలో కాయలు ఏరుతూ, ఆ తర్వాత ఆ ఇంట్లో నిజంగా ఏం జరిగి ఉంటుందో కూలోళ్ళకు చెప్పాను. కాళ్ళ మీద పడ్డ అత్త నాలుగు రోజులకు బీరువా తాళం మళ్ళీ బొడ్లో దోపుకుందనీ, పెద్దకోడలు అది చూసి కూడా ఏమీ అనలేదనీ చెప్పాను. వాళ్ళు తర్వాతేంది తర్వాతేంది అని అడిగారు. సెలవులకు వచ్చిన మనవరాలు అది విని ఫోనులో ఎక్కించింది. ఇట్లా సీరియళ్ళకూ సినిమాలకూ అభిమానులు తమ కథలు తాము అల్లుకుని పెట్టే యాప్ ఉందట. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. మా సీరియల్ మీదే అప్పటికే చాలామంది రాస్తున్నారు. పెద్దకోడలు మొగుడితోనే ఉండాలనే వాళ్ళు ఒక జట్టు, గెంటేశాక ఆమెకు మందిచ్చిన డాక్టరును చేసుకోవాలనే వాళ్ళు ఇంకో జట్టు. వాళ్ళు కొట్టుకునేది చూస్తే మా ఊళ్ళో ఎలక్షన్లు గుర్తొస్తాయి.

ఫోను నా కొడుకు వాడుకుని పక్కన పడేసింది, అద్దం పగిలింది. కొత్తది కొంటానంటే వద్దన్నాను. పగులు పక్కన అక్షరాలు కనపడుతున్నప్పుడు కొత్తదెందుకు? మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే అక్షరాలు వేసుకుంటుంది. మొదట్లో ఒకసారి మొగుడూ పెళ్ళాలు ఎదురుపడే చోట చెబుతుంటే కోడి వచ్చి కాయలు చిందరవందర చేసింది. దాన్ని అదిలించిన మాటలు కూడా కథలో పడిపోయాయి. ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు, ఛీ నీ మొహం తగలెయ్య, అని ఉంది. అది చదివి జనం విరగబడి నవ్వారు. ఎవరో అడిగితే నా వయసు చెప్పాను. అప్పటిదాకా అక్కా అన్నవాళ్ళు ఆ రోజు నుంచి అమ్మా అనడం మొదలుపెట్టారు. నా కథల్లో కోటీశ్వరుల ఇంటి కోడళ్ళు కూడా గదిలోనుంచి పోతూ ఫ్యాను కట్టేస్తారని, పోపులో నూనె కొలిచి పోస్తారని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. నూనె ఎవరింట్లో అయినా నూనే.

ఈ వయసులో నీకివన్నీ ఎందుకని నా కొడుకు అడుగుతూనే ఉంటాడు. పేకాటకు పోలేదు గదరా అంటాను. వాడికి చెప్పనిది ఒకటుంది. శనివారం శనివారం నేను ఏం చెబుతానా అని ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు చూస్తూ ఉంటారు. ఇంట్లో నేను చెబితే వినేవాళ్ళు తగ్గారు. అక్కడ తగ్గలేదు.

అట్లా చూసే వాళ్ళలో ఒకమ్మాయి బంతిపువ్వు బొమ్మ పెట్టుకుని ఉంటుంది. మాచర్ల దాటి కృష్ణ అవతల ఏదో ఊరు. ఏ భాగం పెట్టినా ముందు ఆమే చదువుతుంది. అందరూ గుండె బొమ్మలు వేస్తే ఆమె మాత్రం ఒక ప్రశ్న వేస్తుంది. పెద్దకోడలు పుట్టింట్లో ఎన్నాళ్ళుంటుంది, తమ్ముడి పెళ్ళాం ఏమీ అనదా, ఇట్లాంటివి. ఒకసారి, మీ కథలో ఆయన ఎందుకు కొట్టడమ్మా అని అడిగింది. సీరియల్లో హీరో కొట్టడు గదమ్మా, కొట్టాడని రాస్తే ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు, అని చెప్పాను. చెప్పాక ఎందుకో ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎవరు కొడుతున్నారమ్మా అని విడిగా పెట్టాను. నవ్వు బొమ్మ ఒకటి పంపింది. మనవరాలికి చూపిస్తే, అదే జవాబు నాయనమ్మా అంది. దసరా ముందు నుంచి ఆమె చిన్నపిల్లతో పుట్టింట్లోనే ఉంటోందని తర్వాత మాటల్లో తెలిసింది.

ఇక ఆ శనివారం పొద్దున నేను పెట్టిన భాగం. రెండు జట్లలో మొగుడి జట్టే పెద్దది. కలిపెయ్యండి అమ్మా, ఎన్నాళ్ళు ఏడిపిస్తారు అని వారం వారం ఒకటే పోరు. సరే, కలిపేటట్టయితే సీరియల్ వాళ్ళలాగా కాకుండా మా వైపు ఎట్లా కలుపుతారో అట్లాగే రాద్దామనుకున్నాను.

మా వైపు కాపురంలో తేడా వస్తే ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. రెండు వైపుల మగవాళ్ళూ వరండాలో కుర్చీలు వేసుకుంటారు. పిల్ల లోపల గదిలో ఉంటుంది. మాటలన్నీ అయ్యాక, పిల్లను కూడా ఒక మాట అడగండి అంటారు. అడగడానికి మగవాళ్ళు పోరు. ఊళ్ళో నోరున్న ముసలమ్మను పంపుతారు. ఆమె పిల్ల పక్కన కూర్చుని, ఏమ్మా, పోతావా అంటుంది. పోతానని పిల్ల నోటితో అనదు. అంటే సిగ్గులేనిదంటారు. తల వంచుకుంటుంది. అది ఒప్పుకున్నట్టు లెక్క. ముసలమ్మ బయటికొచ్చి, వస్తానంటంది అని చెబుతుంది. మగవాళ్ళు కండువాలు దులుపుకుని లేస్తారు. మా ఊళ్ళో ఆ గదిలోకి నన్నే పంపుతారు. కాబట్టి ఆ గది సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్దకోడలు తల వంచుకుంది, ముసలమ్మ బయటికొచ్చి వస్తానంటందని చెప్పింది, కారు తలుపు తీశారు. అంతే రాశాను. నా భాగాలన్నింటిలో దానికి వచ్చినన్ని గుండె బొమ్మలు దేనికీ రాలేదు.

బంతిపువ్వు అమ్మాయి ఈసారి అందరి కిందా రాయలేదు. విడిగా పంపింది. దాన్ని మనవరాలు కల్లంలో నాకు చదివి వినిపించింది.

“అమ్మా, రేపు పొద్దుగాల మా ఇంట్ల పెద్దమనుషులు కూసుంటున్నరు. ఏం జెయ్యాల్నో సమజ్ గాక నిద్ర లేదు. ఇయ్యాల మీ కథ సదివిన. పెద్దకోడలు లెక్కనే నేను గూడ తల వంచుకుంట. మీరు రాసిన్రంటె అదే మంచిదై ఉంటది.”

అక్కడే మా గొడవ మొదలైంది.

మనవరాలు తీసెయ్యమంటే నేను తియ్యలేదు. ఇప్పటికీ నేను తప్పు రాశాననను. జరిగేదే రాశాను. పైగా తీసినంత మాత్రాన ఆమె చదివింది చదవకుండా పోతుందా? “మరి పోవద్దని చెప్పు” అంది మనవరాలు. పోవద్దని చెప్పడం తేలిక. పుట్టింట్లో ఆమెకు ఏ గది ఇస్తారు, ఆ పిల్లకు పాలు ఎవరు పోయిస్తారు, తమ్ముడి పెళ్ళాం మొహం ఎన్నాళ్ళు బాగుంటుంది? ఇవేవీ తెలియకుండా ఇక్కడ నీడ పట్టున కూర్చుని పోవద్దనడానికి నేనెవర్ని? నేను అదే అన్నాను. “పొమ్మని చెప్పడానికి మాత్రం నువ్వెవరు?” అని మనవరాలు ఇంట్లోకి వెళ్ళిపోయింది. కూలోళ్ళలో ఒకామె నవ్వబోయి నా మొహం చూసి ఆగింది.

మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని ఆ భాగం కింద జనం రాసినవి చదివాను. నేను చదవాలంటే ఒక్కొక్క అక్షరం పట్టుకోవాలి. గుండె బొమ్మల కింద, ఎంత బాగా కలిపారమ్మా అన్నవాళ్ళ కింద, ఎక్కడో పట్నం పిల్ల ఒకటి అడిగింది. తల వంచుకుంటే ఒప్పుకున్నట్టు ఎట్లా అవుతుందమ్మా, ఆమె ఏమీ చెప్పలేదు కదా అని. దానికి మొగుడి జట్టు వాళ్ళు, నీకు మన పద్ధతులు తెలియవు పో అని విరుచుకుపడ్డారు. ఆ తిట్ల కింద ఒకామె రాసింది. నన్నూ అట్లాగే అడిగారు, ఏడుపు కనపడకూడదని తల వంచాను, బయట వస్తానందని చెప్పారు, అని. దాని కింద ఇంకొకామె, నేనూ అని. ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి. ఒకామె నాదెండ్ల దగ్గర ఊరు పేరు కూడా చెప్పింది. ఒకామె తల వంచి కింద బండల మధ్య సందు చూస్తూ కూర్చున్నానని రాసింది. తమకు ఏమైందో వాళ్ళు రాయలేదు. బాగుపడ్డవాళ్ళూ ఉండి ఉంటారు. కానీ వాళ్ళలో ఒక్కరు కూడా, నేను ఒప్పుకునే తల వంచాను అని రాయలేదు. నేను ఎదురుచూశాను. ఎవరో ఒకరు రాస్తారని ఎండ చెట్టు దాటి నా కాళ్ళ మీదికి వచ్చేదాకా చూశాను.

అప్పుడు మనవరాల్ని పిలిచి, ఇంకో భాగం చెబుతాను రాయమన్నాను. పెద్దకోడలు వెళ్ళలేదని, మంచి ఉద్యోగం దొరికిందని, పిల్లను బడిలో వేసిందని రాద్దామంది అది.

“రేపటికి రేపు ఉద్యోగం ఎవరిస్తారే? ఆ సీరియలోళ్ళకూ నీకూ తేడా ఏంది?”

“అట్టా రాస్తేనే నాయనమ్మా ఆ అక్కకి ధైర్యం వచ్చేది.”

“నా మాట నమ్మే మనిషికి అబద్ధం చెప్పమంటావా?”

మళ్ళీ మాటా మాటా అయింది. కాసేపు అది రాయనని కూర్చుంది, కాసేపు నేను చెప్పనని కూర్చున్నాను. పొద్దు వాలేదాకా అట్లా లాగి లాగి చెప్పాను. ముసలమ్మ బయటికి పోయి వస్తానంటందని చెప్పిన తర్వాత, పెద్దకోడలు గదిలోంచి లేచి గడప దగ్గరికి వచ్చి, నేను ఆ మాట అనలేదు, నేను రాను అంటుంది. మగవాళ్ళు ఆమె వంక చూస్తారు. అంతవరకే. ఆ తర్వాత ఆమె ఎక్కడికి పోతుందో, ఏం తింటుందో నాకు తెలియదు కాబట్టి చెప్పలేదు. మనవరాలు అది అసంపూర్తిగా ఉందంది. అసంపూర్తిగానే పెట్టమన్నాను.

వారంలో రెండో భాగం పెట్టానని సంతోషించాల్సిన వాళ్ళు కస్సుమన్నారు. పొద్దున కలిపి సాయంత్రం విడదీస్తావా, ముసలిదానికి మతి పోయింది అన్నారు. అమ్మా అన్న నోళ్ళే. చాలామంది నన్ను వదిలేసి పోయారని మనవరాలు చెప్పింది. బాధ కలగలేదని అనను. ఆ రోజు నాకు వాళ్ళతో పని లేదు. బంతిపువ్వు అమ్మాయి చదివిందో లేదో చూడమంటే, చదివిన గుర్తు లేదంది.

వంటింట్లో గిన్నెలు తోముతున్న నా కోడలు మా మాటలు విని విని చివరికి, “కథెందుకత్తయ్యా, మీ నంబర్ ఇచ్చి ఫోన్ చెయ్యమనండి” అంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు నంబరిస్తే బ్యాంకులో డబ్బులు పోతాయని నా కొడుకు ఎన్నిసార్లు చెప్పాడో. ఇచ్చాను. దాంతోపాటు మైకులో చెప్పింది ఇది. తల వంచుకోవద్దు. పోవాలని ఉంటే పోతానని నోటితో చెప్పు, వద్దనుకుంటే వద్దని నోటితో చెప్పు. నీ మాట ఇంకొకరి చేత బయటికి పంపకు.

ఆ రాత్రి జవాబు రాలేదు.

ఆదివారం పొద్దున, కూలోళ్ళు సద్ది తిని మళ్ళీ కూర్చునేసరికి ఫోను మోగింది. తెలియని నంబరు. అప్పులిస్తామనే వాళ్ళేమోనని, ఎవరు, ఏం కావాలి అని గట్టిగా అడిగాను. “అమ్మా, నేను” అంది ఒక గొంతు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. నేను అనుకున్న దానికంటే చిన్నపిల్ల గొంతు.

తెల్లవారి లేచాక నా మాటలు చూసిందట. కథ చూడలేదట, తీరిక లేక. వాళ్ళు పెందరాళే వచ్చి కూర్చున్నారు. వాళ్ళమ్మకు మేనత్త అయ్యే ముసలామె గదిలోకి వచ్చి పోతావా అని అడిగితే, పోను అని నోటితో చెప్పిందట. ఆ ముసలామె, మెల్లగ అను, బయటికి ఇనపడతది అని, అట్లాగే బయటికి పోయి వస్తానంటుందనే చెప్పిందట. అప్పుడు ఈ పిల్ల తలుపు దాకా పోయి, అనలే, నేను పోతా అనలే అని చెప్పింది. ఇంత నోరున్నదానితో కాపురం ఎట్ల నిలుస్తదని మొగుడి పెదనాన్న లేచాడట. పోసిన టీ తాగకుండానే అందరూ లేచిపోయారు. తలుపు దగ్గర మొగుడు ఆగి బిడ్డ బుగ్గ గిల్లి, మళ్ళొస్తా అన్నాడట. ఎట్లా అన్నాడమ్మా, మంచిగానా చెడ్డగానా అని అడిగాను. సమజ్ కాలే అంది.

వాళ్ళ నాన్న పొలంలో బావి దగ్గరికి పోయాడు. తమ్ముడు బండి తీసుకుని పోయాడు. వాళ్ళమ్మ గదిలో పడుకుని ఉంది. తమ్ముడి పెళ్ళాం బిడ్డకు పాలు కలిపి ఇచ్చింది గానీ ఈమెతో మాట్లాడలేదు.

ఏమన్నా తిన్నావా అని అడిగాను. లేదంది. తినమన్నాను. సరేనంది. తర్వాత అడిగింది.

“గిప్పుడు ఏమైతదమ్మా?”

మనవరాలు నా పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తోంది. కూలోళ్ళు చేతులు ఆపేశారు.

“నాకు తెలియదమ్మా” అన్నాను.

ఆమె ఇంకా కాసేపు లైన్లోనే ఉంది. అవతల బిడ్డ ఏడుపు వినపడింది. ఉంటానమ్మా అని ఫోను పెట్టేసింది.